ఆరువందల భోజనం

చచ్చిపోయిన మనిషి జేబులో దొరికిన భోజనం బిల్లు మీద ఆరువందలు అని రాసి ఉంది. ఆ అంకె చూసిన దగ్గర్నుంచి రాజ్యలక్ష్మికి అన్నం సయించడం లేదు.

పోలీసులకు ఆ బిల్లులో కావలసింది అంకె కాదు, టైము. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై, సత్యవతమ్మ మెస్, గుడివాడ, బిల్లు నంబరు నాలుగువందల పదిహేడు. సాగరతీర ఫీడ్స్ అనే రొయ్యల మేత కంపెనీలో అకౌంట్స్ ఆఫీసరు జనార్దనరావు ఆ వేళకి గుడివాడలో బతికే ఉన్నాడనడానికి అదొక్కటే ఆధారం. బుధవారం తెల్లవారేసరికి పామర్రు దగ్గర కాలువలో ఆయన శవం తేలింది. తల వెనక దెబ్బ ఉంది. చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు, అందులో మడత పెట్టిన బిల్లు. ఏ కాగితమైనా కవర్లో దాచుకోవడం ఆయన అలవాటని ఆఫీసులో అందరికీ తెలుసు.

ఆయన్ని ఆ రోజు టూరు తిప్పిన టాక్సీ డ్రైవరు దుర్గాశ్రీనివాస్ మాత్రం తన కారు గుడివాడ దారే పట్టలేదంటాడు. పదకొండున్నరకి సారుని మోపిదేవి గుడి దగ్గర దింపాడట. అన్నదానంలో భోంచేసి వస్తానన్న మనిషి మళ్ళీ రాలేదట. పన్నెండూ యాభై నుంచి ఫోను పలకలేదట. తను నాలుగింటి దాకా కారులోనే పడిగాపులు కాశాడట. సారు గుడివాడలో తిన్నాడని అచ్చు బిల్లు చెబుతుంటే డ్రైవరు మాట ఎవడు నమ్ముతాడు? గురువారం సాయంత్రం పట్టుకెళ్ళారు. ఇవాళ శుక్రవారం. ఐదులోపు మచిలీపట్నం కోర్టులో హాజరుపెట్టి రిమాండుకు పంపిస్తారు.

అతని భార్య సుమ పెడనలో కలంకారీ అచ్చులు వేస్తుంది. రంగు మరకల చేతులతోనే నిన్న రాత్రి రాజ్యలక్ష్మి ఇంటి గుమ్మంలో నిలబడింది.

"ఆయన అబద్ధం చెప్పరని నేననండి. నాతో బోలెడు చెప్తారు. కానీ మనిషిని చంపరండి. ఒకసారి లోపలికెళ్ళాక మాలాంటివాళ్ళు బయటికి రావడం ఎంత కష్టమో మీకు తెలుసు" అంది.

ఆ మొదటి వాక్యం రాజ్యలక్ష్మికి నచ్చింది. ఇరవై రెండేళ్ళు ఆదాయపు పన్ను శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి, ముందుగానే రిటైరై, బందరులో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆవిడ. మా ఆయన సత్యహరిశ్చంద్రుడు అన్నవాళ్ళని ఆవిడ ఏనాడూ నమ్మలేదు.

పొద్దున ఏడింటికల్లా మోపిదేవి వెళ్ళొచ్చింది. అన్నదానంలో వడ్డించే కోటమ్మ అనే ఆవిడ దొరికింది. మంగళవారం పన్నెండూ ముప్ఫై అయిదుకి జనార్దనరావు చెయ్యి కడుక్కుని బయటికి రావడం ఆవిడ చూసింది. డ్రైవరు చెట్టు నీడన కారులో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. జనార్దనరావు ఆ కారు వైపు వెళ్తుంటే ఒక తెల్ల కారు అడ్డంగా వచ్చి ఆగింది. ఎవడో దిగి తలుపు తీశాడు. ఆయన ఎక్కాడు. కారు నంబరు కోటమ్మకి తెలీదు. "తలుపు తీసినవాణ్ణి మాత్రం చూస్తే గుర్తుపడతానమ్మా" అంది. మధ్యాహ్నం పంక్తులు అయ్యాక కోర్టుకి వచ్చి ఆ మాటే చెప్పడానికి ఒప్పుకుంది. రెండున్నరకి కారు పంపిస్తానని రాజ్యలక్ష్మి మాటిచ్చింది.

కానీ కోటమ్మ మాట ఒకవైపు, అచ్చు బిల్లు ఒకవైపు పెడితే తక్కెడ ఎటు మొగ్గుతుందో రాజ్యలక్ష్మికి తెలుసు. ముందు ఆ బిల్లు అబద్ధమని తేల్చాలి.

* * *

పదీ నలభైకి రాజ్యలక్ష్మి సాగరతీర ఫీడ్స్ ఆఫీసులో, జనార్దనరావు పక్క సీటులో పనిచేసే కృష్ణప్రియ ఎదురుగా కూర్చుంది. ఆ అమ్మాయికి పాతికేళ్ళు దాటి ఉండవు. మూడు రోజులుగా ఏడ్చినట్టుంది, కళ్ళు వాచి ఉన్నాయి. పక్కనే విజిలెన్స్ ఆఫీసరు ప్రద్యుమ్న గది తాళం వేసి ఉంది. అది చూసుకున్నాకే కృష్ణప్రియ నోరు విప్పింది.

"ఈ బిల్లు సారు రాయించింది కాదండీ" అంది, జిరాక్సు కాపీ చూస్తూనే.

"ఎలా చెప్తావమ్మా?"

"ఆరువందలుంది కదండీ."

"ఉంటే?"

కృష్ణప్రియ ఆవిడ వంక వింతగా చూసింది. "మీరు పన్నుల ఆఫీసులో చేశారటగా, మీకు తెలీనిదా?"

"నాకు తెలుసు. జడ్జిగారికి తెలియాలిగా. ఆయనకి చెప్తున్నట్టు చెప్పు."

"టూరుకి వెళ్తే తిండికి రోజుకి ఆరువందలు బత్తా ఇస్తారండీ. ఊరు దాటి డ్యూటీ మీద వెళ్ళినప్పుడు ఆ ఖర్చుకిచ్చిన డబ్బుకి పన్ను లేదు. కాకపోతే ఎంత ఖర్చయిందో అంత వరకే లేదు. రెండొందలకి తింటే మిగతా నాలుగొందలూ జీతంలో కలిసిపోయి పన్ను పడుతుంది. అందుకని మా వాళ్ళు తినేది నూటపాతికకే అయినా బిల్లు మాత్రం సరిగ్గా ఆరువందలకి రాయించుకుంటారు. రూపాయి తగ్గనివ్వరు, రూపాయి పెరగనివ్వరు. పెరిగితే కంపెనీ ఇవ్వదు."

"అందరూనా?"

"సారు తప్ప అందరూ." బీరువాలోంచి ఒక కట్ట తీసి ముందు పెట్టింది. "ఇవి సారు సొంత టూరు బిల్లులు. పదకొండేళ్ళవి."

రాజ్యలక్ష్మి ఒక్కొక్కటీ తిరగేసింది. ఎనభై అయిదు. నూటపది. తొంభై. నూట నలభై, పక్కన 'మజ్జిగ విడిగా' అని సంజాయిషీ. మంగళవారాలన్నిటి మీదా ఒకే మాట: 'ఒంటిపూట. అన్నదానం. ఖర్చు లేదు.' కింద ఎర్రసిరాతో, ఆరువందలూ జీతానికి కలపవలెను. తన డబ్బు మీద తనే పన్ను వేసుకున్న మనిషి. ఆఫీసులో ఎంత నవ్వుకుని ఉంటారో రాజ్యలక్ష్మికి ఊహించుకోనవసరం లేకపోయింది, ఇలాంటివాళ్ళని చూసి తనూ ఒకప్పుడు నవ్వింది. ఇప్పుడు మాత్రం ఆ కాగితాల అంచులు జాగ్రత్తగా సరిచేసింది.

"ఆయనకి శత్రువులున్నారా?"

"చాదస్తం మనిషని విసుక్కునేవాళ్ళు. అంతే. కానీ..." కృష్ణప్రియ గొంతు బాగా తగ్గించింది. "కిందటి నెల సారు కొన్ని బిల్లులు చెల్లవని కొట్టేశారండీ, అనుమానం వచ్చి. కొట్టేశాక ఆ బత్తా జీతంలో కలిసి పన్ను కట్ అవుతుందిగా. కైకలూరు నుంచి ఒక ఫీల్డ్ ఆఫీసరు పే స్లిప్పు పట్టుకుని వచ్చాడు. నేనసలు వెళ్ళని టూరుకి నాకు పన్నెందుకు కోశారు సార్ అని గొడవ."

రాజ్యలక్ష్మి కలం ఆగిపోయింది.

"వెళ్ళని టూరుకి బత్తా ఎవరు తీసుకున్నారు?"

"అదే సారు కూపీ లాగారండీ. నలభైమంది పేర్ల మీద మూడేళ్ళుగా నెలకి ఇరవై రెండేసి రోజుల బత్తా ఎవరో ఎత్తుతున్నారు. ప్రతి రోజుకీ ఆరువందల బిల్లుంది. మొత్తం ఖర్చయినట్టే చూపిస్తారు కాబట్టి పన్ను లేదు. పన్ను లేదు కాబట్టి వాళ్ళ పే స్లిప్పుల్లో ఆ ఊసే రాదు. పేరున్నవాడికే తెలీదు."

రాజ్యలక్ష్మి మనసులోనే లెక్కకట్టింది. నెలకి అయిదు లక్షల పైచిలుకు. మూడేళ్ళకి కోటీ తొంభై లక్షలు. ఆరువందలే కదా అని ఎవరూ కన్నెత్తి చూడని చోట ఇంత పెద్ద దోపిడీ. కాలువలో మనిషి తేలడానికి ఆ మాత్రం చాలు.

"ఆ కాగితాలేవి?"

"నీలం ఫైలండీ. మంగళవారం టూరుకి పట్టుకెళ్ళారు. శవం దగ్గర దొరకలేదట."

"ఈ సంగతి ఆయన ఎవరికైనా చెప్పాడా?"

"సోమవారం సాయంత్రం ఇంటికెళ్తూ, చెప్పాల్సిన చోట చెప్పేశానమ్మా, ఇక మనకి భయం లేదు అన్నారు. ఎక్కడో నాతో అనలేదు."

భయం లేదు అనుకున్న మనిషికి ఆ మాట అన్నాక పద్దెనిమిది గంటలే ఆయుష్షుంది.

* * *

గుడివాడలో సత్యవతమ్మ మెస్సుకి చేరేసరికి ఒంటిగంటా పది. ముందు హాలు, వెనక వంటిల్లు, మధ్యలో పొట్టి గుమ్మం. లోపలికి వెళ్తూ రాజ్యలక్ష్మి నుదురు ఠప్పున కొట్టుకుంది.

"వంగాలమ్మా, కొత్తవాళ్ళందరికీ తగులుతుంది" అంది లోపల్నుంచి సత్యవతమ్మ. అరవై ఏళ్ళుంటాయి. భర్త పోయినప్పట్నుంచి ఈ మెస్సు మీదే ఇల్లు నెట్టుకొస్తూ, మనవరాలిని చదివిస్తున్న మనిషి.

నుదురు రుద్దుకుంటూ రాజ్యలక్ష్మి కిందికి చూసింది. వంటింటి నిండా కొత్త కడప బండలు పరిచి ఉన్నాయి. బండల మధ్య సిమెంటు ఇంకా నలుపు తిరగలేదు. ఒక మూలన తాపీ పని చేసిన ఇసుక అలాగే ఉంది. రాజ్యలక్ష్మి పీట లాక్కుని కూర్చుంది.

"మంగళవారం జనార్దనరావు గారని ఒకాయన మీ దగ్గర భోంచేశారటగా పిన్నిగారూ?"

"చేశారండీ. ఒంటిగంటా నలభైకి. భోజనం చేసి పార్సిలు కట్టించుకున్నారు." మాట అడగ్గానే ఊడిపడింది.

"ఎన్ని భోజనాలు పెడతారు మీరు రోజుకి?"

"నూట యాభై, నూట అరవై."

"అంతమందిలో ఆయన ఏ నిమిషానికి తిన్నాడో గుర్తుందా? పోనీ, ఈయనేనా?" రాజ్యలక్ష్మి ఫోనులో ఫోటో చూపించింది.

సత్యవతమ్మ సరిగ్గా చూడకుండానే తలూపింది. "ఈయనేనండీ."

"ఈయన మా బావగారు. పోయి ఆరేళ్ళయింది."

సత్యవతమ్మ చేతిలో గరిటె సాంబారు గిన్నెలోకి జారిపోయింది. దాన్ని తీసే ప్రయత్నం కూడా ఆవిడ చేయలేదు.

"పొద్దునపూట పెద్దావిడని ఏడిపిస్తే పుణ్యమొస్తుందా మేడమ్ గారూ?"

వెనక నుంచి వినపడిన ఆ గొంతు రాజ్యలక్ష్మికి తిరిగి చూడకుండానే తెలుసు. ప్రద్యుమ్న ఆరడుగుల మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, ఎప్పుడూ పెదవి మీద ఉండే నవ్వు. సాగరతీర కంపెనీకి విజిలెన్స్ ఆఫీసరుగా చేరకముందు అతనూ బందరులో డిటెక్టివ్ ఆఫీసే నడిపాడు. రెండు పెద్ద కేసులు ఆవిడ నోటి దగ్గర్నుంచి లాక్కున్నాడు. పన్నుల మేడమ్ అని వెనక నుంచి వెక్కిరిస్తాడని కూడా ఆవిడకి తెలుసు.

"మధ్యాహ్నమైంది ప్రద్యుమ్న గారూ. టైములు మీరెప్పుడూ తప్పే చెప్తారు" అంది రాజ్యలక్ష్మి.

"మా ఆఫీసులో మీరు కాలు పెట్టిన నిమిషానికే నాకు ఫోనొచ్చింది. ఆ పిల్లని ఏడిపించారు, ఇక్కడ ఈవిణ్ణి. సాక్షుల్ని బెదిరిస్తున్నారని నేనే కోర్టులో చెప్పాల్సొస్తుంది."

"ఈవిడ సాక్ష్యం మీరెలా సంపాదించారు?"

"ఫోనులో. ఈ మెస్సు గడప నేను తొక్కడం ఇదే మొదలు. అయినా మీ కంటే రెండు రోజుల ముందే నిజం రాబట్టాను. పోలీసులకి చెప్పాను, వాళ్ళు సంతకం తీసుకున్నారు. అయిపోయింది." అంటూ లోపలికి రెండడుగులు వేశాడు. వేసి, కింద పరిచిన కొత్త బండల వైపు చూశాడు. నవ్వు అక్కడే ఉంది గానీ కళ్ళు ఒక్క క్షణం ఆ బండల మీదే ఉండిపోయాయి.

"ఏమీ అయిపోలేదు" అంది రాజ్యలక్ష్మి. "పదకొండేళ్ళలో ఒక్కసారీ ఆరువందల బిల్లు పెట్టనివాడు, చచ్చేరోజునే సరిగ్గా ఆరువందలకి తిన్నాడా?"

"పార్సిలు కట్టించుకున్నాడుగా."

"ఆ పార్సిలేదీ? శవం దగ్గర లేదు, టాక్సీలో లేదు, ఇంటికి చేరలేదు. బిల్లు రాసినవాడికి భోజనం ఎంతవుతుందో తెలీదు, బత్తా ఎంతో తెలుసు. చెయ్యి అలవాటుగా ఆరువందల దగ్గరికి పోయింది. ఆ అలవాటు మీ కంపెనీ వాళ్ళకి తప్ప ఇంకెవరికుంటుంది? టాక్సీ డ్రైవరుకి బత్తా పన్ను ఏం తెలుస్తుంది?"

"మనుషులు మారతారు మేడమ్. ఇన్నాళ్ళూ నీతులు చెప్పి, ఒకరోజు నాలుగొందలు మిగుల్చుకుందామనుకున్నాడేమో. చనిపోయినవాడి గురించి చెడ్డగా అనకూడదు గానీ, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినంత మాత్రాన ఎవరూ చూడరా?"

ఆ మాట రాజ్యలక్ష్మికి చురుక్కున తగిలింది. ఎర్రసిరాతో తన జీతానికి తనే కోత పెట్టుకున్న ఆ చేతిరాత కళ్ళ ముందు కదిలింది. పన్నుల ఆఫీసులో ఉన్న రోజుల్లోనూ ఆవిడకి ఇదే జబ్బు. ఎదుటివాడి నోరు మూయించాలనిపిస్తే తన నోరు తన అదుపులో ఉండదు.

"మంగళవారం ఒంటిపూట ఉండే మనిషి మోపిదేవి అన్నదానంలో తిని, గంటకల్లా ఇక్కడికొచ్చి మళ్ళీ తిన్నాడా? పన్నెండూ ముప్ఫై అయిదుకి ఆయన అక్కడ చెయ్యి కడుక్కున్నాడు. టాక్సీ ఎక్కలేదు. వేరే కారెక్కాడు. తలుపు తీసినవాడి మొహం చూసిన మనిషుంది."

ప్రద్యుమ్న జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఎవరండీ అంత భాగ్యవంతులు?"

"ఆయనకి వడ్డించిన మనిషి. నాలుగున్నరకి కోర్టులో చూపిస్తాను, తీరిగ్గా చూద్దురుగాని."

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అని పెద్దలు ఊరికే అనలేదు. మాట బయటికొచ్చిన మరుక్షణం రాజ్యలక్ష్మికి మనసులో కలుక్కుమంది. ఈ సంగతి ఇతనికి చెప్పాల్సిన పని లేదు. కానీ ఇతను పోటీదారే తప్ప పగవాడు కాదు, ఫోనుతో సరిపెట్టుకున్న బద్ధకస్తుడు అనే ఆవిడ ఉద్దేశం అప్పటికి.

"మంచిది మేడమ్. కోర్టులోనే కలుద్దాం" అన్నాడు ప్రద్యుమ్న మర్యాదగా. ఫోను తీసి నంబరు నొక్కుతూ వెనక్కి తిరిగాడు. కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. నడుస్తూ నడుస్తూ, సరిగ్గా పొట్టి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి తల వంచి, దాటగానే ఎత్తి, ఆగకుండా వెళ్ళిపోయాడు.

రాజ్యలక్ష్మి చెయ్యి తనకి తెలియకుండానే నుదుటి మీది బొప్పి మీదికి వెళ్ళింది. ఇందాక అతను లోపలికి వచ్చినప్పుడు కూడా ఏ చప్పుడూ వినపడలేదు. ఆరడుగుల మనిషి. ఈ గడప తొక్కడం ఇదే మొదలు అన్నాడు.

టైము ఒంటిగంటా యాభై.

* * *

రాజ్యలక్ష్మి లేచి వెళ్ళి వీధి తలుపు దగ్గరగా వేసింది. వెనక్కి వచ్చి సత్యవతమ్మ ఎదురుగా, ఈసారి కింద కొత్త బండల మీదే కూర్చుంది.

"పిన్నిగారూ, ఈ బండలు ఎప్పుడు వేయించారు?"

సత్యవతమ్మ పొయ్యి మంట తగ్గించింది.

"నేను మీ లెక్కలు చూడ్డానికి రాలేదు. ఏ ఆఫీసుకీ మీ గురించి చెప్పను. తిన్నారండీ అని మీరన్న ఒక్క మాటకి ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడు జైలుకి పోతున్నాడు. అతని పెళ్ళాం ఇప్పుడు కోర్టు మెట్ల మీద కూర్చునుంది. మీరు తిన్నాడన్న మనిషి చచ్చిపోయాడు."

"ఇందాక మీ మాటల్లోనే తెలిసింది." సత్యవతమ్మ గోడకి చేరగిలబడింది. "అంతకుముందు నాకెవరూ చెప్పలేదమ్మా. దొంగతనం కేసన్నారు."

"ఎప్పుడు వేయించారు?"

"సోమవారం, మంగళవారం. రెండు రోజులూ పొయ్యి వెలిగించలేదు. మేస్త్రీని అడగండి, వీధిలో ఎవరినైనా అడగండి. మంగళవారం ఇక్కడ ఒక్క మెతుకు ఉడకలేదు."

"మరి తిన్నారని ఎందుకన్నారు?"

"అలవాటమ్మా." ఆవిడ కొంగుతో మొహం అద్దుకుంది. "తినేవాళ్ళకి నేను బిల్లులివ్వను, టోకెన్లే. ఈ అచ్చు బిల్లు పుస్తకాలు కంపెనీల వాళ్ళు అడిగితే ఇస్తాను. ఖాళీవి. వాళ్ళే రాసుకుంటారు. ఇచ్చేటప్పుడే మాట తీసుకుంటారు. ఎవరన్నా ఫోను చేసి ఫలానా రోజు ఫలానాయన తిన్నాడా అంటే, తిన్నారండీ అనాలి. అంతే. పదేళ్ళుగా అంటున్నాను. ఎవరికీ నష్టం లేదుగా, వాళ్ళ పన్నేదో వాళ్ళు తప్పించుకుంటున్నారు అనుకున్నాను. మొన్న ఫోనొచ్చింది, ఒంటిగంటా నలభైకి తిన్నారా అన్నారు. ఎప్పటిలాగే తిన్నారండీ అన్నాను. తర్వాత కానిస్టేబులు కాయితం తెస్తే కాదనడానికి భయమేసింది."

ఏ ఊళ్ళో ఏ పోలీసు బుర్రకీ తట్టని తప్పు ఇది. సాక్షి అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అడిగినవాడికి అవునని చెప్పడం ఆవిడ వ్యాపారంలో భాగమైపోయింది. ఆ అవును ఇంత దూరం వస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా రాజ్యలక్ష్మికి రాలేదు.

"నాలుగువందల పదిహేడు నంబరున్న పుస్తకం ఎవరు తీసుకున్నారు?"

సత్యవతమ్మ మూసిన తలుపు వైపు చూసింది.

"చెప్పండి పిన్నిగారూ."

"ఇప్పుడు మీతో దెబ్బలాడి వెళ్ళారుగా. ఆ సారే. శనివారం వచ్చి నాలుగు పుస్తకాలు పట్టుకెళ్ళారు. మూడేళ్ళుగా ఆయనకే ఇస్తున్నాను, నెలకి పాతికపైనే. వచ్చినప్పుడల్లా ఇదిగో ఇక్కడే కూర్చుని మజ్జిగ తాగుతారు. ఇవాళ నన్ను ఎరగనట్టు మాట్లాడుతుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదమ్మా."

చెప్పాల్సిన చోట చెప్పేశానన్నాడు జనార్దనరావు. కంపెనీలో దొంగతనం కనిపెట్టిన నికార్సయిన ఉద్యోగి ఎవరికి చెబుతాడు? విజిలెన్స్ ఆఫీసరుకే చెబుతాడు. ఆ విజిలెన్స్ ఆఫీసరే దొంగ. సోమవారం సాయంత్రం జనార్దనరావే అతని తలుపు తట్టి తన చావు తనే చెప్పుకొచ్చాడు.

"ఈ మాట కోర్టులో చెప్తారా?"

మెస్సు, అప్పులు, మనవరాలి కాలేజీ ఫీజు అన్నీ సత్యవతమ్మ మొహం మీద కనబడుతూనే ఉన్నాయి. చివరికి లేచి వీధి తలుపు తాళంచెవి చేతిలోకి తీసుకుంది.

"పదండి. ఒక ఇల్లాలి ఉసురు నాకొద్దు. మేస్త్రీని కూడా దారిలో ఎక్కించుకుందాం."

దుర్గాశ్రీనివాస్ బతికి బయటపడ్డాడు అనుకుంది రాజ్యలక్ష్మి. బిల్లు విరిగిపోయింది. దాన్ని విరగ్గొట్టడానికి ఈవిడ చాలు. హంతకుణ్ణి పట్టుకోవడానికి కోటమ్మ చాలు. ఈ రెండో మాట దగ్గర ఆగిపోయింది. తలుపు తీసినవాడి మొహం చూసిన మనిషుందని, వడ్డించిన మనిషని, తనే తన నోటితో, ఎదురుగా నిలబడి చెప్పింది. వెళ్తూ వెళ్తూ అతను ఫోను చేశాడు.

రెండూ అయిదు. ప్రద్యుమ్న ఎంత వేగంగా వెళ్ళినా మోపిదేవి చేరడానికి గంట పైనే పడుతుంది. కారు మాట్లాడిన చల్లపల్లి డ్రైవరుకి ఫోను కొట్టింది.

"ఎక్కడున్నావయ్యా?"

"చల్లపల్లిలోనేనండీ. రెండున్నరకి కదండీ రమ్మన్నారు. టీ తాగి బయలుదేరతాను."

"టీ వద్దు. ఇప్పుడే బయలుదేరు. కోటమ్మని ఎక్కించుకున్నాక ఎక్కడా ఆగొద్దు."

వెంటనే కోటమ్మకి చేసింది. చాలాసేపు మోగింది. ఎత్తింది వేరే గొంతు.

"నేను సీతమ్మనండీ, కోటమ్మతో పాటే వడ్డిస్తాను. ఫోను ఛార్జింగులో వదిలేసి వెళ్ళిపోయింది, తొందరలో."

"ఎక్కడికి?"

"అదేంటండీ, బందరు కోర్టుకేగా. మీరు పంపిన కారొచ్చిందిగా. మేడమ్ గారు ముందే రమ్మన్నారని ఆఖరి పంక్తి అవకుండానే పిలుచుకెళ్ళాడు. అయిదు నిమిషాలు కాలేదు."

రాజ్యలక్ష్మి ఫోను చెవికి గట్టిగా అదిమింది. సత్యవతమ్మ తాళం వేస్తున్నదల్లా ఆగి ఆవిడ వంక చూసింది.

"ఏం కారు సీతమ్మా?"

"తెల్లదండీ. పెద్దది."

"కోటమ్మ ఏమీ అనలేదా? ఎక్కేటప్పుడు ఏమీ అనలేదా?"

ఫోనులో వెనకాల గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినపడుతోంది.

"ఆగిందండీ. వాడు దిగి తలుపు తీశాడు చూడండి, వాడి మొహం చూసి అక్కడే ఆగిపోయింది. వెనక్కి తిరిగి నా వైపు కూడా చూసింది. మళ్ళీ తనే ఎక్కేసింది. వాడు మీ పేరు చెప్పాడు కదండీ మరి."